పెన్‌డ్రైవ్‌లో గిద్దెల లెక్క

2000 సంవత్సరం చివర్లో ఐబీఎం కంపెనీ అమెరికాలో ఒక కొత్త వస్తువు అమ్మడం మొదలుపెట్టింది. తాళంచెవుల గుత్తికి తగిలించుకునేంత చిన్నది. పేరు డిస్క్ ఆన్ కీ. తయారుచేసింది ఇజ్రాయెల్‌లోని ఎమ్-సిస్టమ్స్ అనే సంస్థ. అందులో పట్టే సమాచారం 8 మెగాబైట్లు. ఇవాళ్టి ఫోన్‌తో తీసిన ఫొటోలైతే రెండో మూడో పడతాయి, అంతే. 2017 జనవరిలో కింగ్‌స్టన్ కంపెనీ 2 టెరాబైట్ల పెన్‌డ్రైవ్‌ను ప్రకటించింది. 8 ఎంబీ నుంచి 2 టీబీకి అంటే రెండున్నర లక్షల రెట్లు. 16 ఏళ్లలో సుమారు 18 సార్లు రెట్టింపు అయితే తప్ప ఆ లెక్క కుదరదు. మనం చేత్తో పట్టుకుని వాడే వస్తువుల్లో ఇంత వేగంగా పెరిగినది మరొకటి నాకు తోచదు.

తెలుగు పుస్తకాల్లో కొలుచుకుంటే ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. ఇప్పుడు అంతటా వాడుతున్న యూనికోడ్ పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి మామూలుగా 3 బైట్లు తీసుకుంటుంది. గుణింతపు గుర్తు, పొల్లు, సున్నా, ప్రతిదీ విడి సంకేతమే. ‘పుస్తకం’ అనే మాటలో ఏడు సంకేతాలున్నాయి. అంటే 21 బైట్లు. పేజీకి 250 మాటలు, మాటకు సగటున ఎనిమిది సంకేతాలు, మధ్యలో ఖాళీలు వేసుకుంటే 200 పేజీల నవల పన్నెండున్నర లక్షల బైట్ల దాకా వస్తుంది. 1.44 ఎంబీ ఫ్లాపీలో అలాంటి నవల ఒక్కటి పడుతుంది. 8 ఎంబీ డ్రైవ్‌లో ఆరు. 2 టీబీ డ్రైవ్‌లో 16 లక్షలు. రోజుకొకటి చొప్పున చదివినా నాలుగు వేల ఏళ్లు దాటుతుంది.

పై తొడుగు మాత్రం దాదాపు అదే. అదే బొటనవేలంత ప్లాస్టిక్ ముక్క, అదే పోర్టులో గుచ్చే మూతి. లోపల ఏం మారింది? మామూలుగా చెప్పే జవాబు ‘చిప్‌లు చిన్నవయ్యాయి’ అని. అది కథలో మూడోవంతు మాత్రమే. ఇంజినీర్లు మూడు వేరువేరు దారుల్లో నడిచారు. ఒక దారి మూసుకుపోతే ఇంకోటి తెరిచారు. మొత్తం మీద ఒక్కో బిట్టును నిలబెట్టే ఎలక్ట్రాన్ల బలం తగ్గుతూ, దాన్ని కాపాడే గణితం భారం పెరుగుతూ వచ్చింది. కొన్న డ్రైవ్‌ను ఎంతవరకు నమ్మవచ్చో తేల్చేది ఈ సంగతే కాబట్టి దీన్ని వివరంగా చూద్దాం.

ముందు ఫ్లాపీ రోజులు ఒకసారి గుర్తుచేసుకోవాలి. 1990ల చివర్లో మన ఊళ్లలో డీటీపీ సెంటర్లు పేజ్‌మేకర్‌లో తెలుగు పేజీలు కూర్చి, ఆ ఫైళ్లను ఫ్లాపీల మీద ప్రెస్సుకు పంపేవి. బొమ్మలున్న పేజీ అయితే ఒక ఫ్లాపీలో పట్టేది కాదు. జిప్ చేసి నాలుగైదు ఫ్లాపీలకు ముక్కలుగా పంచేవారు. అందులో ఒక్కటి చదవకపోయినా మొత్తం పని వృథా. సీడీ వచ్చాక చోటు పెరిగింది గానీ, రాయడానికి ప్రత్యేకమైన రైటర్ కావాలి. చిన్న దిద్దుబాటు చేసినా మళ్లీ డిస్కు కాల్చాలి. ఏ కంప్యూటర్‌లోనైనా రాసి, చెరిపి, మళ్లీ రాయగలిగే జేబు వస్తువు కోసం అందరూ ఎదురుచూస్తున్న సమయమది.

అలాంటి వస్తువు పుట్టాలంటే రెండు విషయాలు కలవాలి. ఒకటి, అన్ని కంప్యూటర్లకూ ఒకే రకం పోర్టు. 1996లో వచ్చిన యూఎస్‌బీ ప్రమాణం దాన్నిచ్చింది. దాని రూపకల్పనకు ఇంటెల్‌లో నాయకత్వం వహించిన అజయ్ భట్ వడోదరలో చదువుకున్న ఇంజినీరు. రెండోది, కరెంటు తీసేసినా సమాచారం నిలుపుకునే చిప్. ఈ రెంటినీ కలిపింది తామేనని చెప్పుకున్నవాళ్లు ఒకరు కాదు. ఎమ్-సిస్టమ్స్ 1999 ఏప్రిల్‌లో అమెరికాలో పేటెంటుకు దరఖాస్తు చేసింది. సింగపూర్‌కు చెందిన ట్రెక్ 2000 కంపెనీ 2000లో జర్మనీలోని హానోవర్ ప్రదర్శనలో థంబ్‌డ్రైవ్‌ను చూపించింది. చైనాలోని నెటాక్ కూడా హక్కు తనదేనంది. తైవాన్‌లో ఫైసన్ అనే సంస్థను పెట్టిన మలేసియా ఇంజినీరు పువా ఖెయిన్ సెంగ్ బృందం, డ్రైవ్‌ను నడిపే కంట్రోలర్‌ను ఒకే చిప్‌లోకి కుదించింది. కోర్టు వ్యాజ్యాలు చాలాకాలం నడిచాయి. నా దృష్టిలో ఆ తగువు కన్నా ఆసక్తికరమైనది లోపలి చిప్.

ఆ చిప్ మూలసూత్రం పెన్‌డ్రైవ్ కన్నా ముప్పయ్యేళ్లు పెద్దది. 1967లో బెల్ ల్యాబ్స్‌లో డావన్ కాంగ్, సైమన్ సీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక విచిత్రమైన ట్రాన్సిస్టర్‌ను ప్రతిపాదించారు. మామూలు ట్రాన్సిస్టర్‌లో ఒక గేటు ఉంటుంది. దానికి వోల్టేజి ఇస్తే కింద కరెంటు పారుతుంది, తీసేస్తే ఆగుతుంది. వీళ్లు ఆ గేటు కింద ఇంకో గేటు పెట్టారు. దీనికి ఏ తీగతోనూ సంబంధం లేదు. చుట్టూ విద్యుద్బంధకమైన సిలికాన్ ఆక్సైడ్. ఎలాగోలా ఎలక్ట్రాన్లను దాంట్లోకి పంపగలిగితే అవి బయటికి రాలేక అక్కడే ఉండిపోతాయి. ఆ ఎలక్ట్రాన్లు ఉన్నాయా లేవా అన్నది పై గేటు ద్వారా పసిగట్టవచ్చు. ఎందుకంటే అవి ఉంటే ట్రాన్సిస్టర్ తెరుచుకోవడానికి ఎక్కువ వోల్టేజి కావాలి. ఉంటే 0, లేకపోతే 1. ఇదే ఫ్లోటింగ్ గేట్.

1971లో ఇంటెల్‌లో డవ్ ఫ్రోమన్ దీన్ని అమ్ముడుపోయే చిప్‌గా మలిచాడు. కానీ చెరపాలంటే చిప్‌ను ఊడదీసి, దాని మీదున్న స్ఫటిక కిటికీలోంచి అతినీలలోహిత కాంతి పదిహేను ఇరవై నిమిషాలు పడనివ్వాలి. ఆ తర్వాత విద్యుత్తుతోనే చెరపగలిగే చిప్‌లు వచ్చాయి గానీ, ఒక్కో బైట్‌ను విడిగా చెరిపేందుకు అదనపు ట్రాన్సిస్టర్లు కావాలి కాబట్టి అవి చోటు తినేవి, ఖరీదైనవి. జపాన్‌లో తోషిబా కంపెనీ ఇంజినీరు ఫుజియో మసుఓకా ఈ చిక్కుముడిని విప్పాడు. ఒక్కో బైట్‌ను విడిగా చెరిపే సౌకర్యం వదులుకుందాం, పెద్ద గుంపును ఒకేసారి చెరుపుదాం అన్నాడు. సౌకర్యం తగ్గించి చోటు మిగుల్చుకోవడం ఇక్కడ మొదలైంది. 1984లో మొదటి రకం ఫ్లాష్‌ను, 1987లో నాండ్ అనే రెండో రకాన్ని ఆయన బృందం ప్రపంచానికి చూపించింది. నాండ్‌లో మెమరీ సెల్‌లను వరసగా ఒకదాని కొసకు ఒకటి కలుపుతారు. ఒక్కో సెల్‌కూ విడిగా తీగ తగిలించనక్కరలేదు. కాబట్టి సెల్ పట్టే జాగా సగానికన్నా తగ్గింది. పెన్‌డ్రైవ్, మెమరీ కార్డు, ఫోన్‌లోని స్టోరేజి, ఎస్‌ఎస్‌డీ అన్నీ నాండ్ మీదే నడుస్తున్నాయి. ఇంత చేసిన మసుఓకాకు దక్కిన గుర్తింపు చాలా ఆలస్యంగా వచ్చింది. తన పనికి తగిన ప్రతిఫలం ఇవ్వలేదని ఆయన 2004లో తోషిబా మీద దావా వేశాడు. 2006లో 8.7 కోట్ల యెన్‌లకు రాజీ కుదిరింది. ఆ చిప్ పుట్టించిన పరిశ్రమ పరిమాణం ముందు అది అతి చిన్న మొత్తం.

బంధకం చుట్టూ ఉన్నప్పుడు ఎలక్ట్రాన్లు లోపలికి ఎలా వెళ్తాయి? ఇక్కడ క్వాంటం భౌతికశాస్త్రం నేరుగా పనిలోకి దిగుతుంది. బలమైన విద్యుత్ క్షేత్రంలో ఎలక్ట్రాన్లు దాటరాని అడ్డంకిని కూడా దాటి అవతల తేలగలవని 1928లో ఫౌలర్, నోర్డ్‌హైమ్ లెక్కగట్టారు. పెన్‌డ్రైవ్‌లో ఫైల్ రాసిన ప్రతిసారీ జరిగేది అదే. యూఎస్‌బీ పోర్టు ఇచ్చేది 5 వోల్టులు. చిప్‌లోనే ఉన్న చిన్న సర్క్యూట్లు ఆ వోల్టేజిని 20 దరిదాపుకు పెంచుతాయి. అందులో ఒక భాగం పడేది ఏడెనిమిది నానోమీటర్ల మందం ఉన్న ఆక్సైడ్ పొర మీద. ఆ పొరలో క్షేత్రబలం సెంటీమీటరుకు కోటి వోల్టుల స్థాయికి చేరుతుంది. చాలా బంధకాలు ఇంత ఒత్తిడికి చిట్లిపోతాయి. ఈ పొర తట్టుకుంటుంది గానీ, ప్రతి రాతకూ ప్రతి చెరుపుకూ అందులో కొద్దికొద్దిగా లోపాలు పేరుకుంటాయి. పెన్‌డ్రైవ్‌లో కదిలే భాగం ఒక్కటీ లేకపోయినా అది అరిగిపోవడానికి కారణం ఇదే.

ఇక చోటు పెరిగిన దారుల సంగతి.

మొదటి దారి సెల్‌ను చిన్నది చేయడం. పొడవు, వెడల్పు రెండూ సగం చేస్తే అదే పలకలో నాలుగు రెట్లు సెల్‌లు పడతాయి. 2002లో సామ్‌సంగ్‌లో మెమరీ విభాగం అధిపతి హ్వాంగ్ చాంగ్-గ్యూ, నాండ్ చిప్ సామర్థ్యం ఏటా రెట్టింపవుతుందని ప్రకటించాడు. కొన్నేళ్లు అలాగే జరిగింది. ఆ రోజుల్లో గీతల వెడల్పు వంద నానోమీటర్లకు పైనే ఉండేది. 2014 నాటికి 15 నానోమీటర్లకు దిగింది. అక్కడ దారి మూసుకుపోయింది. సెల్‌లు ఒకదానికొకటి ఎంత దగ్గరయ్యాయంటే, పక్క సెల్‌లో ఎలక్ట్రాన్లు నింపితే దాని ప్రభావం ఈ సెల్ మీద పడి విలువ జరగసాగింది. అసలు ఒక సెల్‌లో పట్టే ఎలక్ట్రాన్లే తగ్గిపోయాయి. ఆక్సైడ్ పొరను మాత్రం అదే లెక్కన పలచన చేయడానికి వీల్లేదు, చేస్తే ఎలక్ట్రాన్లు వాటంతటవే కారిపోతాయి.

రెండో దారి దీనితో పాటే నడిచింది. సెల్ సంఖ్య పెంచకుండా, ఒక్కో సెల్‌లో ఒక్క బిట్టుకు బదులు ఎక్కువ బిట్లు పెట్టడం. మన పాత కొలతలు తెలిసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. మానికకు రెండు తవ్వలు, తవ్వకు రెండు సోలలు, సోలకు రెండు అరసోలలు, అరసోలకు రెండు గిద్దెలు. ఒక మానిక పాత్రలో గింజలు పోసి, అవి ఏ తవ్వ దాకా వచ్చాయో మాత్రం చూస్తే రెండే జవాబులు, అంటే ఒక బిట్టు. ఏ సోల దాకా అని చూస్తే నాలుగు జవాబులు, రెండు బిట్లు. ఏ అరసోల దాకా అంటే ఎనిమిది జవాబులు, మూడు బిట్లు. గిద్దె దాకా తేల్చగలిగితే 16 జవాబులు, నాలుగు బిట్లు. పాత్ర అదే, గింజలూ అవే. చూసే కన్ను పదునెక్కింది. పరిశ్రమలో వీటిని వరసగా ఎస్‌ఎల్‌సీ, ఎమ్‌ఎల్‌సీ, టీఎల్‌సీ, క్యూఎల్‌సీ అంటారు. గింజల స్థానంలో ఎలక్ట్రాన్లు, కొలత గీతల స్థానంలో వోల్టేజి మెట్లు.

ఈ దారిలో లాభం తరుగుతూ, ఖర్చు పెరుగుతూ పోతుంది. ఒక బిట్టు నుంచి రెండు బిట్లకు వెళ్తే చోటు రెట్టింపు, మెట్లు రెట్టింపు. మూడు నుంచి నాలుగుకు వెళ్తే చోటు మూడోవంతే పెరుగుతుంది, మెట్లు మాత్రం మళ్లీ రెట్టింపవుతాయి. కుదింపు చివరి రోజుల చిన్న సెల్‌లలో ఒక మెట్టుకూ పక్క మెట్టుకూ తేడా కొన్ని పదుల ఎలక్ట్రాన్లే. ఆ కొన్ని పదులు అటూ ఇటూ అయితే సమాచారం మారిపోతుంది. అందుకే రాసే పద్ధతి కూడా మారింది. కంట్రోలర్ ఒక చిన్న వోల్టేజి తాకిడి ఇస్తుంది, ఎంత నిండిందో చూస్తుంది, ఇంకొంచెం పెద్ద తాకిడి ఇస్తుంది, మళ్లీ చూస్తుంది. కావలసిన మెట్టు చేరాక ఆపుతుంది. గిద్దె దాకా సరిచూసుకుంటూ నింపాలంటే ఆలస్యం తప్పదు.

పెద్ద సినిమా ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తుంటే మొదట పరుగెత్తి, కాసేపటికి ఒక్కసారిగా నత్తనడకన పడటం చాలామంది చూసే ఉంటారు. చాలా డ్రైవ్‌లలో దానికి కారణం ఇదే. కొన్ని సెల్‌లను కంట్రోలర్ తాత్కాలికంగా ఒక బిట్టు పద్ధతిలో వాడి, వచ్చింది వచ్చినట్టు వేగంగా దించుకుంటుంది. ఆ కాస్త జాగా నిండగానే, అసలు పద్ధతిలో మెట్లు సరిచూసుకుంటూ రాయక తప్పదు. పెట్టె మీద ముద్రించే వేగం మొదటి దశది.

ఆయుష్షు కూడా ఈ దారిలోనే తగ్గింది. ఒక బిట్టు సెల్‌ను దాదాపు లక్షసార్లు రాసి చెరపవచ్చు. ఆక్సైడ్ పొర కొంత పాడైనా, నిండుకూ ఖాళీకీ మధ్య దూరం ఎక్కువ కాబట్టి తేడా తెలుస్తూనే ఉంటుంది. రెండు బిట్ల సెల్‌కు అది మూడు వేల నుంచి పది వేల సార్లకు దిగింది. మూడు బిట్లకు వెయ్యి నుంచి మూడు వేలు. నాలుగు బిట్లకు వెయ్యి, అంతకన్నా తక్కువ కూడా. పెన్‌డ్రైవ్‌ను రోజూ నిండా నింపి చెరిపేవాళ్లు అరుదు గనుక ఈ తగ్గుదల జనం దృష్టికి రాలేదు.

మూడో దారే ఇవాళ్టి పెన్‌డ్రైవ్‌ను సాధ్యం చేసింది. ఈ కథ మొత్తంలో నాకు అన్నిటికన్నా అబ్బురంగా తోచేదీ ఇదే. పలక మీద పక్కపక్కన పేర్చడానికి చోటు లేకపోతే పైకి పేర్చాలి. అయితే ఒక పొర మీద సెల్‌లన్నీ చెక్కి, మళ్లీ ఇంకో పొర చెక్కి, ఇలా వెళ్తే పొరపొరకూ ఖర్చు అంతే పెరుగుతుంది, లాభముండదు. 2007లో తోషిబా పరిశోధకులు దీనికి తెలివైన ఉపాయం చూపించారు. ముందు ఏమీ చెక్కకుండా రెండు పదార్థాల పలచటి పొరలను ఒకదానిమీద ఒకటి మార్చిమార్చి పరుస్తూ పోవాలి. పరవడం చవక పని. అన్నీ పరిచాక పైనుంచి అడుగుదాకా ఒకేసారి రంధ్రాలు చేయాలి. రంధ్రం లోపలి గోడలకు ఆక్సైడ్, నైట్రైడ్, సిలికాన్ పూతలు వేయాలి. ఆ రంధ్రం ఏ ఏ పొరను దాటుతుందో అక్కడల్లా ఒక మెమరీ సెల్ ఏర్పడుతుంది. వంద పొరలుంటే ఒక్క రంధ్రంతో వంద సెల్‌లు.

చెప్పడానికి తేలికే. రంధ్రం వెడల్పు వంద నానోమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. లోతు దానికి యాభై రెట్లు, ఆ పైన. ప్లాస్మాతో తొలిచే ఆ రంధ్రం అడుగుదాకా నిటారుగా, ఒకే వెడల్పుతో దిగాలి. కాస్త వంగినా, అడుగున సన్నబడినా పై సెల్‌కూ కింది సెల్‌కూ గుణం మారుతుంది. 12 అంగుళాల సిలికాన్ పలక ఒక్కదాని మీద ఇలాంటివి లక్ష కోట్ల దరిదాపులో తొలచాలి. 2013 ఆగస్టులో సామ్‌సంగ్ 24 పొరల చిప్‌తో భారీ ఉత్పత్తి ప్రారంభించింది. తర్వాత 32, 48, 64, 96 అంటూ పెరిగింది. మైక్రాన్ 2022లో 232 పొరలకు, ఎస్‌కే హైనిక్స్ 2024 నవంబరులో 321 పొరలకు చేరాయి. ఒకే దెబ్బలో అంత లోతు తొలచడం కష్టమై, రెండు మూడు విడతలుగా కట్టి, రంధ్రాలను ఒకదాని మీద ఒకటి సరిపోయేలా కలుపుతున్నారు.

ఈ మార్పుతో అనుకోని మేలు ఇంకోటి జరిగింది. పైకి పెరిగే వీలుంది కాబట్టి సెల్‌ను 15 నానోమీటర్లకు కుదించనవసరం లేదు. మళ్లీ పెద్ద సెల్‌లకు వెళ్లారు. పెద్ద సెల్‌లో ఎక్కువ ఎలక్ట్రాన్లు పడతాయి. చాలా కంపెనీలు ఫ్లోటింగ్ గేట్‌ను వదిలేసి, ఎలక్ట్రాన్లను నైట్రైడ్ పొరలో అక్కడక్కడే చిక్కించుకునే పద్ధతికి మారాయి. ఆక్సైడ్‌లో ఒకచోట లోపం వచ్చినా మొత్తం ఎలక్ట్రాన్లు కారిపోవు. మూడు బిట్లు, నాలుగు బిట్లు ఇంత విస్తారంగా వాడుకలోకి రావడానికి ఈ మూడో దారే ఊతమిచ్చింది.

ఇప్పుడు రెండున్నర లక్షల లెక్కను విడదీసి చూడవచ్చు. 8 మెగాబైట్లంటే 64 మెగాబిట్లు. ఆ కాలంలో ఒక చిప్ మోయగల బరువు. ఇవాళ ఒక చిప్‌లో లక్ష కోట్ల బిట్లు, అంటే ఒక టెరాబిట్ పట్టడం మామూలైంది. అది 128 జీబీ. 64 మెగాబిట్ల మీద ఇది పదహారు వేల రెట్లు. ఇలాంటి చిప్‌లను అరగదీసి, కాగితం కన్నా పలచన చేసి, 16 చిప్‌లను ఒకదాని మీద ఒకటి అంటించి ఒకే పొట్లంలో పెడతారు. 128 జీబీని పదహారుతో హెచ్చిస్తే 2 టీబీ. చిన్నదవడం, మెట్లు పెరగడం, పొరలు పెరగడం, చివర్లో ఈ అంటింపు, అన్నీ కలిస్తే వచ్చిన అంకె అది.

ఇక గణితం వంతు. ఇంతగా సన్నబడ్డ సెల్‌లు తప్పులు చేస్తాయి. అప్పుడప్పుడూ కాదు, చదివిన ప్రతిసారీ చేయవచ్చు. బాగా వాడిన మూడు బిట్ల చిప్‌లో వెయ్యి బిట్లకు ఒకటి తప్పుగా రావడం అసాధారణం కాదు. ఫ్లాష్‌లో చదివే కనీస ముక్కను పేజీ అంటారు, సాధారణంగా 16 కిలోబైట్లు. అందులో లక్షా ముప్పైవేల బిట్లు. అంటే పేజీకి నూటముప్పై తప్పులు. అయినా మనం తెరిచిన ఫొటో, పాట, పెళ్లిపత్రిక ఫైలు ఒక్క అక్షరం తేడా లేకుండా వస్తున్నాయి. రాసేటప్పుడే కంట్రోలర్ అసలు బిట్లతో పాటు, వాటిమీద లెక్కగట్టిన అదనపు బిట్లను కూడా రాసి ఉంచుతుంది. చదివేటప్పుడు ఆ సమీకరణాలు తప్పితే ఎక్కడ తప్పిందో వెతికి దిద్దుతుంది.

ఈ విద్యకు మూలాల్లో మనవాళ్ల పేర్లున్నాయి. విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలోని భారత గణాంక సంస్థలో చేరిన కల్యంపూడి రాధాకృష్ణారావు, అంటే ప్రపంచమంతా ఎరిగిన సి.ఆర్. రావు, 1947లో ఆర్థోగనల్ అర్రేల మీద వ్యాసం ప్రచురించాడు. అన్ని మేళవింపులూ సమంగా వచ్చేలా, అతి తక్కువ ప్రయోగాలతో పరీక్షలు ఎలా రూపొందించాలన్నది అక్కడి ప్రశ్న. మూడేళ్ల తర్వాత అమెరికాలో రిచర్డ్ హామింగ్ తప్పులు దిద్దే కోడ్‌లను ప్రకటించాడు. రెంటి వెనకా ఉన్న బీజగణితం ఒకటేనని తర్వాత తేలింది. ఆ నిర్మాణానికి ఇవాళ రావు-హామింగ్ అని జంటగా పేరు. అదే కలకత్తా సంస్థలో పనిచేసి అమెరికా వెళ్లిన రాజ్ చంద్ర బోస్, తన శిష్యుడు ద్విజేంద్ర కుమార్ రే-చౌధురితో కలిసి 1960లో ఒకేసారి అనేక తప్పులు దిద్దే కోడ్‌లు కనిపెట్టాడు. ఫ్రాన్స్‌లో హోకెంగెమ్ అంతకు కొద్దిగా ముందే అదే సాధించాడు. ముగ్గురి పేర్ల మొదటి అక్షరాలతో బీసీహెచ్ కోడ్ అంటారు. రెండు బిట్ల సెల్‌లు వచ్చిన రోజుల్లో ఫ్లాష్‌ను నిలబెట్టింది ఆ బీసీహెచ్.

మూడు నాలుగు బిట్లకు అది చాలలేదు. 1960లో ఎమ్ఐటీలో రాబర్ట్ గాలగర్ అనే విద్యార్థి తన పరిశోధనా గ్రంథంలో ప్రతిపాదించిన ఎల్‌డీపీసీ కోడ్‌లను, ఆనాటి కంప్యూటర్లు మోయలేకపోవడంతో, పక్కనపెట్టేశారు. 1990ల మధ్యలో వాటిని మళ్లీ వెలికితీశారు. ఈ పద్ధతిలో కంట్రోలర్ ఒక బిట్టును 0 అనో 1 అనో వెంటనే తేల్చేయదు. వోల్టేజి గీతను కాస్త అటూ ఇటూ జరిపి మళ్లీ చదివి, ఇది 1 అయ్యే అవకాశం ఎంత అని అంచనా కడుతుంది. వేల సమీకరణాల మధ్య ఆ అంచనాలను సరిచూసుకుంటూ జవాబుకు చేరుతుంది. ఇంత లెక్క చేసేది గోరంత చిప్, పోర్టు ఇచ్చే కొద్దిపాటి కరెంటుతో. డ్రైవ్ వేడెక్కడానికి ఇదీ ఒక కారణమే.

కంట్రోలర్‌కు ఇంకో బరువైన పని ఉంది. ఫ్లాష్‌లో పేజీ పేజీగా రాయవచ్చు గానీ, చెరపాలంటే వందల పేజీలున్న బ్లాకు మొత్తాన్ని ఒక్కసారే చెరపాలి. మసుఓకా పెట్టిన షరతు అది. అందుకని మనం ఫైల్‌లో ఒక్క వాక్యం దిద్దినా, ఆ పాత పేజీని అలాగే వదిలి కొత్తదాన్ని వేరేచోట రాసి, ఎక్కడుందో పట్టికలో గుర్తుపెట్టుకుంటుంది. ఒకే బ్లాకు అరిగిపోకుండా రాతలను అన్ని బ్లాకులకూ పంచుతుంది. రాస్తుండగా డ్రైవ్‌ను లాగేస్తే పాడయ్యేది ఒక్కోసారి ఫైల్ కాదు, ఈ పట్టిక. అప్పుడు చిప్‌లో సమాచారమంతా ఉన్నా డ్రైవ్ ఖాళీగానో, ఫార్మాట్ చేయమనో చూపిస్తుంది.

కొనేవాళ్లకు కలిగే రెండు అనుమానాలు ఇక్కడే తీర్చేయవచ్చు. 64 జీబీ అని కొన్న డ్రైవ్‌ను విండోస్ 59.6 అని చూపడం మోసం కాదు. తయారీదారు జీబీ అంటే వంద కోట్ల బైట్లు. విండోస్ జీబీ అంటే రెండును ముప్పైసార్లు హెచ్చించిన 107 కోట్ల పైచిలుకు. రెండోది, డ్రైవ్ నిండా చోటున్నా 4 జీబీ దాటిన ఒక్క ఫైల్ ఎక్కకపోవడం. అది ఫ్యాట్32 అనే పాత అమరిక హద్దు. ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేస్తే పోతుంది.

అసలైన మోసం వేరే ఉంది, అది ఘోరమైనది. తోపుడుబండి మీద, ఆన్‌లైన్ సంతలో కొన్ని వందల రూపాయలకే 1 టీబీ, 2 టీబీ అని డ్రైవ్‌లు అమ్ముతుంటారు. లోపల ఉండేది ఏ 16 జీబీ చిప్పో. ఎంత చోటుందో కంప్యూటర్‌కు చెప్పేది కంట్రోలర్, దాని చేత అబద్ధం చెప్పిస్తారు. కంప్యూటర్ నమ్ముతుంది. మొదటి 16 జీబీ సరిగానే పడుతుంది. ఆ తర్వాత రాసినవి గాలికి పోతాయి, లేదా మొదట రాసినవాటిని తుడిచేస్తూ వాటిమీదే పడతాయి. ఫైళ్ల పేర్లన్నీ జాబితాలో కనిపిస్తూనే ఉంటాయి. తెరిస్తే లోపల ఏమీ ఉండదు. ఇది బయటపడేసరికి అసలు కాపీని ఫోన్‌లోంచి తీసేసి ఉంటారు. జవాబు ఒక్కటే. కొన్నరోజే డ్రైవ్‌ను నిండా రాసి, మొత్తం తిరిగి చదివి సరిపోల్చాలి. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రాములు ఆ పని చేస్తాయి. పెద్ద డ్రైవ్‌కు గంటలు పడుతుంది, అయినా చేయాల్సిందే.

నిజమైన డ్రైవ్ కొన్నా, దాన్ని దేనికి వాడుతున్నామన్నది చూసుకోవాలి. ఈమధ్య ఫొటో స్టూడియోలు పెళ్లి వీడియోను డీవీడీలకు బదులు పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇస్తున్నాయి. ఇంటివాళ్లు దాన్ని పట్టుచీరలతో పాటు బీరువాలో దాస్తున్నారు. లోపల సెల్‌లలోని ఎలక్ట్రాన్లు ఆక్సైడ్ లోపాల గుండా ఒక్కొక్కటే జారుకుంటూ ఉంటాయి. వేడి పెరిగేకొద్దీ ఇంకా తొందరగా. కొత్త, మేలురకం డ్రైవ్ పదేళ్లు నిలుపుతుందని తయారీదారులు చెబుతారు. కానీ అరుగుదల పెరిగేకొద్దీ ఆ గడువు తగ్గుతుంది. ఇళ్లలో వాడే ఎస్‌ఎస్‌డీకి పరిశ్రమ పెట్టుకున్న ప్రమాణం చూస్తే ఇది తెలుస్తుంది. రాతల ఆయుష్షంతా వాడేశాక, కరెంటు లేకుండా, 30 డిగ్రీల దగ్గర అది ఏడాదిపాటు సమాచారం నిలిపితే చాలు. ఎస్‌ఎస్‌డీలకు తూగని చిప్‌లు చవక పెన్‌డ్రైవ్‌లలోకి చేరడం ఈ వ్యాపారంలో ఉన్నదే. మన ఎండాకాలంలో 30 డిగ్రీలన్నది రాత్రిపూట కూడా దాటే ఉష్ణోగ్రత. మే నెలలో కారు మ్యూజిక్ సిస్టమ్‌కు గుచ్చి ఎండలో వదిలేసిన డ్రైవ్ చూసే వేడి దీనికి రెట్టింపు.

గిద్దె దాకా కొలిచి నింపిన సెల్‌లో కొద్దిపాటి ఎలక్ట్రాన్లు జారినా మెట్టు మారుతుంది. కొన్ని మారితే ఎల్‌డీపీసీ దిద్దుతుంది. దాని శక్తికి మించి మారితే ఆ పేజీ ఇక చదవడానికి రాదు. పెద్ద డ్రైవ్ ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోసుకెళ్లడానికి చాలా గొప్ప సాధనం. దాచడానికి మాత్రం దాన్ని ఒక్కదాన్నే నమ్మవద్దని నేను గట్టిగా చెబుతాను. పెళ్లి వీడియోకు హార్డ్ డిస్కు మీద ఇంకో కాపీ, వీలైతే వేరే ఊళ్లో ఉన్నవాళ్ల దగ్గర మూడోది ఉండాలి. ఏడాదికోసారి డ్రైవ్‌ను కంప్యూటర్‌కు గుచ్చి చూస్తే చాలనుకునేవాళ్లున్నారు. ఉత్తినే చదివితే జారిపోయిన ఎలక్ట్రాన్లు తిరిగి వస్తాయన్న హామీ లేదు. ఫైళ్లన్నీ కంప్యూటర్‌లోకి దించి, తెరిచి సరిచూసుకుని, డ్రైవ్‌ను ఫార్మాట్ చేసి, మళ్లీ అన్నిటినీ రాయాలి. అప్పుడు ప్రతి సెల్ కొత్తగా నిండుతుంది, గడువు ఆ రోజునుంచి మళ్లీ మొదలవుతుంది.